పునరుక్తి దోషమేనా?

బిరుదురాజు రామరాజు గారి ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ 1958లో దారి వేసిన తర్వాత పాటల సేకరణలు చాలానే వచ్చాయి. సేకరించే పద్ధతిలో ఒక లోపం ఉందని మాత్రం నాకు ఇల్లందులో తొమ్మిదో తరగతి పిల్ల చెప్పింది. ఇంట్లో అడిగి బతుకమ్మ పాట రాసుకు రమ్మంటే, ప్రతి పాదం చివరా ‘ఉయ్యాలో’ అని రాసుకొచ్చింది. పునరుక్తి అని ఎర్రసిరాతో కొట్టేశాను.

“అది తీసేస్తే మిగిలినోళ్ళు ఏం పాడాలె సార్?” అంది.

నా దగ్గర జవాబు లేదు. ఎం.ఏ.లో చదివిన అలంకారశాస్త్రం దాన్ని దోషమంటుంది. తర్వాత నేర్చుకున్న అభ్యుదయ విమర్శ, ఇందులో భూస్వామ్య భావజాలమెంత, శ్రామిక చైతన్యమెంత అని తూచి పక్కన పెడుతుంది. రెండూ చూసేది పాఠాన్నే. పాడే మనుషులు రెండింటికీ అక్కర్లేదు.

తంగేడు, గునుగు పూలు పేర్చి మధ్యన పెట్టి, చుట్టూ తిరుగుతూ ఒకరు అందుకుంటే తక్కినవాళ్ళు వంత పాడతారు. పాట రానివాళ్ళకూ, ఆ రోజు నోట మాట పెగలనివాళ్ళకూ వలయంలో చోటు దొరికేది ఆ ఒక్క మాట వల్లనే. ఇల్లందులో బొగ్గు తవ్వకం 1889లో మొదలైంది. గనికి పోయిన మనిషి తిరిగిరాని ఇళ్ళు ఇక్కడ కొత్త కాదు. అలాంటి ఇంటి ఆమెను ఒక ఏడు మా వాడ ఆడవాళ్ళు చెయ్యి పట్టి తీసుకొచ్చారు. (భర్త పోయిన స్త్రీని ఆటకు దూరంగా ఉంచే చోట్లు ఇంకా ఉన్నాయి; ఆ మాట దాచి పండుగను పొగడలేను.) మొదటి రెండు రోజులూ చప్పట్లు మాత్రం కొట్టింది. మూడో రోజు వంత కలిపింది. అరుగు మీద కూర్చున్న నాకు ఆమె గొంతు విడిగా వినిపించలేదు, పెదవులు కదలడం కనిపించింది. అడవి వైపు కోయగూడేల రేలా పాటల్లోనూ చేతులు కలిపి, ఒకరన్నది అందరూ అనడమే గదా!

బ్రెజిల్ నాటకకర్త అగస్తో బోల్ 1970లలో ‘పీడితుల నాటకరంగం’ పేరిట ప్రేక్షకుణ్ణి పాత్రధారిని చేశాడని సభల్లో చెప్పుకుంటాం. మన వాకిట్లో ప్రేక్షకుడే లేని ఆటను మాత్రం గేయసంకలనంలో ఒక పేజీ చేసి ఊరుకున్నాం.

ఆట గని కప్పును నిలబెట్టదు, నష్టపరిహారం ఇప్పించదు. దుఃఖానికి పాటే మందని యాజమాన్యాల్ని వదిలేసే వాదం నాది కాదు. అయితే వాడలో ఎవరితోనూ పెదవి కలపని మనిషి, సంఘం మీటింగులో మాత్రం నోరు విప్పుతుందా?

2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది. పెద్ద పెద్ద స్పీకర్లు వచ్చాయి. పాటంతా యంత్రమే పాడుతుంటే ఇక వంత ఎవరికి? మన కవులు రాసిస్తున్న కొత్త పాటల్లోనూ వస్తువు అభ్యుదయకరమే గాని, చరణం నిండా మాటలు కుక్కేసి, పక్కమనిషి అందుకునే జాగా లేకుండా చేస్తున్నారు. అవి వినడానికి రాసిన పాటలు.

మా తరగతిలో ఇప్పుడు పాటతో పాటు ఎవరు అందుకున్నారు, ఎవరు వంత పాడారు, ఎవరు ఊరకే నిలబడ్డారు అన్నది కూడా రాయిస్తున్నాను.