కొట్టివేత కనిపించే చిట్టా

రాజుపాలెం మండలంలో నల్లరేగడి ఎక్కువ, శనగ పంట ఎక్కువ. పంట చేతికొచ్చేదాకా ఎరువులు, మందుల దుకాణాల్లో అరువు ఖాతాలూ ఎక్కువే. అలాంటి ఒక దుకాణం లెక్కలు నేను ప్రొద్దుటూరులో కూర్చుని రాస్తాను. ఒకప్పుడు బిల్లులన్నీ సంచిలో కట్టి బస్సులో పంపేవాళ్లు. ఇప్పుడు అక్కడ కౌంటర్లో బిల్లు కొట్టగానే ఇక్కడ నా తెర మీద పడుతుంది. చిట్టా క్లౌడ్‌లో, అంటే ఎక్కడో సర్వర్లో ఉంటుంది. యజమాని, గుమాస్తా, ఆడిటరు ముగ్గురూ ఒకే పుట చూస్తారు.

ఎరువుకు 5 శాతం, పురుగుమందుకు 18 శాతం జీఎస్టీ. రెండూ ఒకే బిల్లులో ఉన్నా సాఫ్ట్‌వేర్ కేంద్రానిది, రాష్ట్రానిది పైసలతో సహా విడగొట్టి ఏ ఖాతాకు చేరాల్సింది ఆ ఖాతాకు చేర్చేస్తుంది. ఇది మంచి పనే. కానీ నేను చేయెత్తి మొక్కేది ఇంకో పనితనానికి.

పాతకాలం గుమాస్తాలకు ఒక కట్టుబాటు ఉండేది. అంకె తప్పు పడితే చెరపకూడదు. గీత కొట్టి, పాత అంకె కనబడేలా వదిలి, పక్కన సరైనది రాసి పొడి సంతకం పెట్టాలి. ఈ సాఫ్ట్‌వేర్ చేసినవాళ్లు ఆ కట్టుబాటును గుర్తుపెట్టుకున్నారు. ఒకసారి ఒక రైతు ఖాతాలో 18,500 పడాల్సిన చోట 15,800 కొట్టాను. మరునాడు దిద్దాను. ఆ బిల్లు చరిత్ర తెరిస్తే నా పేరు, తేదీ, గంట, నిమిషం, పాత అంకె, కొత్త అంకె అన్నీ వరుసగా ఉన్నాయి. ఆ వరుసను చెరపడం నా చేతిలో లేదు. కంపెనీలకు 2023 ఏప్రిల్ 1 నుంచి ఇలాంటి జాడ ఉండే సాఫ్ట్‌వేరే వాడాలని నిబంధన ఉంది. మా దుకాణం కంపెనీ కాదు. అయినా అరువు మీద నడిచే వ్యాపారంలో రైతుకూ యజమానికీ మధ్య మాట పట్టింపు వచ్చినప్పుడు ఆ జాడ కన్నా పెద్ద సాక్షి లేదు. రిటర్ను వేశాక ఆ నెలకు తాళం పెట్టే వీలు కూడా ఉంది. తాళం పడ్డాక పాత బిల్లును పొరపాటున కూడా కదిలించలేం.

చిక్కులు లేవని కాదు. బ్యాంకులో పడిన సొమ్మును బాకీతో జతచేసి చూపే ఏర్పాటు ఒకటుంది. అంకె కలిస్తే చాలా చక్కగా పట్టేస్తుంది. కానీ బాకీ తండ్రిది, ఫోన్‌పేలో డబ్బు వేసేది బెంగళూరులో ఉన్న కొడుకు. "మా పిల్లోడు ఏసినాడంట, చూడన్నా" అని రైతు అడుగుతాడు. చూస్తే డబ్బు ఎవరిదో తెలియని పద్దుగా పడి ఉంటుంది. ఎవరి కొడుకు ఎవరో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. కౌంటర్లో కూర్చున్నతనికి తెలుసు. అతనికి ఫోన్ చేసి నేను చేత్తో జతచేస్తాను.

శనగ విత్తే అక్టోబరు, నవంబరు నెలల్లో దుకాణం కిటకిటలాడుతుంది. నెట్ లైను తెగేది కూడా ఆ నెలల వానల్లోనే. అప్పుడు కాగితం బిల్లు పుస్తకమే దిక్కు. రాత్రికి అవన్నీ ఎక్కించేసరికి బిల్లు నంబర్ల వరుస చెదిరిపోతుంది, మళ్లీ సరిచూసుకోవాలి.

వీటన్నిటికన్నా నన్ను ఎక్కువగా భయపెట్టేది ఇంకొకటి ఉంది. 1986లో బెంగళూరులో మొదలైన ట్యాలీతో మనకు అలవాటైన పద్ధతిలో లెక్క మన గదిలో, మన కంప్యూటర్లో ఉండేది. క్లౌడ్‌లో అది వేరేవాళ్ల ఇంట్లో ఉంటుంది. ఇంట్యూట్ సంస్థ 2023లో మన దేశంలో క్విక్‌బుక్స్ అనే లెక్కల సేవను ఆపేసింది. దాన్ని నమ్ముకున్నవాళ్లు గడువులోపు తమ ఖాతాలన్నీ దించుకుని వేరే చోటికి మార్చుకోవాల్సి వచ్చింది.

అందుకని ప్రతి నెలా 11వ తేదీలోపు జీఎస్టీఆర్-1 రిటర్ను వేసిన రోజే చిట్టా, ఖాతాలు, నిల్వల పట్టిక దించుకుని పెన్‌డ్రైవ్‌లో పెడతాను. ఒక ప్రతి రాజుపాలెంలో యజమాని బీరువాలో ఉంటుంది. మీరు ఏ సాఫ్ట్‌వేర్ వాడుతున్నా ఈ ఒక్క పనీ మానకండి.