వెళ్ళిపోదామన్న పాట, ఉండిపోయిన మనం

మా వీధి చివర జీన్సు ప్యాంట్లు కుట్టే షెడ్డు ఒకటుంది. బళ్ళారిలో అలాంటి షెడ్లకు కొదవలేదు. అక్కడ పనిచేసే కుర్రాడి టీషర్టు మీద జడలు కట్టిన జుట్టుతో ఒక మొహం కనబడింది. "ఎవరబ్బా ఇతను?" అని అడిగితే, "ఎవరో తెలీదు సార్, బొమ్మ బాగుందని తీసుకుంటి" అన్నాడు.

ఆ మొహం జమైకా గాయకుడు బాబ్ మార్లేది. 1981లో, 36 ఏళ్ళకే పోయాడు. నాకూ పేరే తెలుసు గాని పాట తెలియదు. ఆ సిగ్గుతోనే 'ఎక్సోడస్' ఆల్బం సంపాదించి వారం రోజులు విన్నాను. సంగీతశాస్త్రం చదివినవాణ్ణి కాను. ఇది మామూలు శ్రోత అభిప్రాయం మాత్రమే.

1976 డిసెంబరులో కింగ్‌స్టన్‌లో మార్లే ఇంట్లోనే అతని మీద కాల్పులు జరిగాయి. బతికి బయటపడి లండన్ చేరాడు. ఆల్బంలో ఎక్కువ భాగం అక్కడే తయారై 1977లో వచ్చింది. ఎక్సోడస్ అంటే జనం మూటాముల్లె సర్దుకుని ఒక దేశం విడిచిపోవడం. మార్లే నమ్మిన రాస్తఫారీలకు అది, తాతలను బానిసలుగా తెచ్చి పడేసిన చోటు వదిలి ఆఫ్రికాకు తిరిగిపోవడం.

రికార్డుకు రెండు వైపులు, వైపుకు ఐదు పాటలు. మొదటి వైపు కోపం, ప్రయాణం. రెండో వైపు ప్రేమ, ఓదార్పు. అక్కడ మార్లే మెత్తబడ్డాడని అనేవారున్నారు. నాకు అలా అనిపించలేదు.

రెగేకు పేరు తెచ్చిన నడకలో, మనం సమం వేసే మొదటి దెబ్బ దగ్గర డ్రమ్ము ఊరుకుంటుంది. బరువంతా మూడో దెబ్బ మీద పడుతుంది. పేరుపాటలో మాత్రం ప్రతి దెబ్బా మోగుతుంది, జనం అడుగులో అడుగు వేసి నడుస్తున్నట్టు. ఏడు నిమిషాలు దాటిన ఆ పాట మొదటిసారి విసుగు పుట్టించింది. మూడోసారికి ఆ విసుగే దూరప్రయాణమని తెలిసింది. అయినా అది నా పాట అనిపించలేదు.

ఎందుకంటే మనం ఎక్కడికీ పోలేదు. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో కలిశాయి, బళ్ళారి మైసూరులో కలిసింది. ఇల్లు కదల్లేదు, రాష్ట్రం మారింది. ఉన్నచోటనే ఉండి పరాయివాళ్ళమైన మనకు, పదండి పోదామనే పాట ఏ ఊరి దారి చూపిస్తుంది?

మొదటి వైపు నన్ను పట్టుకున్నది 'సో మచ్ థింగ్స్ టు సే'. ఆ పేరు చూస్తే ఇంగ్లీషు మాస్టరు ఎర్ర సిరా తీస్తాడు. మార్లే దిద్దుకోలేదు. 1865లో ఉరితీయబడ్డ పాల్ బోగుల్‌నూ, మార్కస్ గార్వేనూ తలచుకునే పాటను తన దీవి మాటతోనే లోకానికి వినిపించాడు. మన తెలుగులో కన్నడం దొర్లిందని నవ్వే కోస్తా చుట్టాలను తలచుకుని ఆ పాట మళ్ళీ పెట్టుకున్నాను.

ఇక రెండో వైపు. 'టర్న్ యువర్ లైట్స్ డౌన్ లో'లో తీపి ఎక్కువైంది, ఏ సినిమాలో పెట్టినా సరిపోతుంది. కాని 'త్రీ లిటిల్ బర్డ్స్' చూడండి. వాకిట్లో పిట్టలు, పొద్దున్నే కాస్త ధైర్యం. అంతే పాట. పోవడానికి చోటులేనివాడికి కావలసింది అదే. చివరి 'వన్ లవ్'ను 1965లోనే గబగబా నడిచే స్కా బాణీలో పాడారు. ఇక్కడ దాన్ని నెమ్మది చేశారు. దెబ్బతిన్న తరువాత పాడితే పాత పాటకైనా బరువు వస్తుంది.

వెళ్ళిపోదామని పాడిన మనిషి కూడా 1978లో కింగ్‌స్టన్ తిరిగి వచ్చాడు. బద్ధశత్రువులైన ఇద్దరు నాయకులు మాన్లీ, సియాగాల చేతులు వేదిక మీదే కలిపాడు. ఊళ్ళో హత్యలు ఆగలేదు. అయినా ఆ రాక వృథా అనలేను.

వినదలచినవారు రెండో వైపు నుంచి మొదలుపెట్టండి. షెడ్డు కుర్రాడికి నేను అలాగే వినిపించాను. "మాట అర్థం కాలా, మనసుకు తగిలె సార్" అన్నాడు.