సుమతిశతకము - బాలపాఠ్యము

తెలుఁగుబాలురకు సుమతిశతకమువలెఁ బరిచితమైన నీతికృతి యరుదు. అనేక తరములవారు వేమన పద్యములతోఁబాటు దీనితోడనే పద్యపఠన మారంభించిరి. దీనికిఁ గర్త బద్దెన యను ప్రతీతి కలదు. ఆ విషయమునఁ బండితులలో నైకమత్యము లేదు. ఇచ్చట విచార్యము కర్తృత్వము కాదు. ఈ శతకమందలి కొన్ని పద్యములు స్త్రీలను, కొన్ని వృత్తులవారిని మూకుమ్మడిగా నిందించుచున్నవి. వానిని బాలురచేఁ జదివింపవచ్చునా యనునదియే ప్రశ్నము.

నమ్మరానివారిని బేర్కొను పద్యముఁ జూడుఁడు. సుంకరి, జూదరి, స్వర్ణకారుఁడు, నటుఁడు, వెలయాలు మొదలగువారి వరుసలోఁ దుదకు నెడమచేతివాటపువాఁడును జేరినాఁడు. జూదము మానఁదగిన దోషము. ఎడమచేతివాటము పుట్టుకతో వచ్చునది. స్వర్ణకారుని యింటఁ బుట్టుట బాలుని యపరాధము కాదు. ఈ మూఁటిని నొక్కత్రాటఁ గట్టుట నీతి యనిపించుకొనదు.

ఆ నింద మనసున నాటుకొనుటకుఁ గారణము పద్యసౌష్ఠవమే. నిషేధక్రియ ప్రతిపాదారంభమున మరల మరల వచ్చి ప్రాసను నెఱవేర్చుచున్నది; సగణమైన మకుటము కందమునకు విధింపఁబడిన గురువుతో ముగియుచున్నది. అందుచే నొక్కమాఱు వల్లించినది మఱపునకు రాదు. తరగతిలోనున్న స్వర్ణకారుని బిడ్డయు, ఎడమచేత బలపము పట్టు బిడ్డయుఁ దమ నిందను దమ నోటనే వల్లింపవలసివచ్చుచున్నది.

ఇట్టి పద్యములను దిద్ది ముద్రింపవలెనని కొంద ఱందురు. అది సమ్మతము కాదు. పాఠసంస్కరణమునకుఁ దాళపత్రప్రతులు ప్రమాణములు గాని మన లజ్జ ప్రమాణము కాదు. శతకమునే త్యజింపవలెనని మఱికొంద ఱందురు. అపకారికిని మేలు చేయుమను పద్యమును, సమయ మెఱిఁగి మాటాడుమను పద్యమును బాలురు కోల్పోవు టేల?

కావునఁ జిన్న తరగతులకు మేలైన పద్యముల నేర్చి, సంగ్రహమని ముఖపత్రముననే తెలిపి యీయవలెను. తెలుపక విడుచుట పాఠకుని వంచించుటయే. పై తరగతులకు సంపూర్ణపాఠమునే యీయవలెను. అచ్చట నుపాధ్యాయుఁడు ప్రతిపదార్థముతో నాఁగక, ఈ మాట యెవరినిగూర్చి పుట్టినది, యేల పుట్టినది, యథార్థమా యని విద్యార్థుల నడుగవలెను. ఎవరు చెప్పినను వినవలెను గాని, త్వరపడక సత్యాసత్యములు విచారింపవలెనని యీ శతకమే బోధించుచున్నది. ఆ పద్యమును ముందుగా నేర్పి, దానితోడనే తక్కినవానిని బరీక్షింపఁజేయుట యుక్తము.