వట్టివేళ్ళ తడిక, కూలరు గడ్డి

రోహిణికార్తె ప్రవేశించిన మూడవనాడు మా కూలరు వడగాలినే వెదజల్లుచున్నదని యింటిల్లిపాదియు మొరపెట్టగా, పిలిపించిన మెకానిక్కు తొట్టివైపైనను చూడక "మోటారు పోయిందండీ, కొత్తది వేయాలి" అని తేల్చివేయుట నాకెంతమాత్రమును రుచింపలేదు. బాగుపడగల వస్తువును పారవేయుట యపచారమని యీ శీర్షికలో నేనెన్నిమారులు వ్రాసితినో పాఠకులెరుగుదురు. మోటారు చప్పుడు వినబడుచునే యున్నది. అతనిని పంపివేసి, ప్లగ్గు తీసి, జాలీ తలుపులు విప్పిచూడగా, బోరునీటిలోని ఉప్పు పేరుకొని పైగొట్టపు రంధ్రములను తెల్లగా పూడ్చివేసి యుండెను. నిమ్మఉప్పు నీట నానవేసి గుండుసూదితో పొడువగా ధార మరల దిగినది గాని, గాలి మాత్రము చల్లబడలేదు.

గ్రాము నీరు ఆవిరియగుటకు సుమారు 580 కెలోరీల వేడి కావలెను. ఆ వేడిని గాలినుండి లాగికొనుటయే కూలరు చేయు పని. కనుకనే మా కర్నూలు పొడిగాలిలో హాయినిచ్చు యంత్రము మచిలీపట్నపు ఉక్కలో నంతగా పనిచేయదు; కనుకనే తేమగాలి వెలికిపోవుటకు కిటికీ తెరచియుంచవలెను. మా కిటికీ తెరచియే యున్నది.

చిన్ననాడు అమ్మమ్మగారింట పడమటి గుమ్మమునకు వట్టివేళ్ళ తడికలు వ్రేలాడుచుండెడివి. మిట్టమధ్యాహ్నము ఆమె చెంబుతో నీళ్ళు చిలుకరింపగా, ఏ అత్తరును సాటిరాని యా మట్టివాసన చావడినంతయు నింపెడిది. ఆ వాసననే యిన్నాళ్ళును స్మరించితిని గాని, ఉగాది వెళ్ళగానే నిరుటి తడికను నిర్దాక్షిణ్యముగా విప్పించి కొత్తవేళ్ళు కట్టించు ఆమె పట్టుదలను మరచితిని. "ఇంకా బాగానే ఉంది గదా అమ్మమ్మా" అనిన నాతో, "బిరుసెక్కిన వేరు నీళ్ళు పట్టదురా నాయనా" అనెడిది.

లేచి వెళ్ళి మా కూలరు గడ్డిని వ్రేళ్ళతో నలిపితిని. పొదుపని రెండు వేసవులుగా నేను మార్చనీయని గడ్డి యది. ఉప్పుపట్టి పుల్లలవలె విరిగినది. నీరు దానిలో నింకక, రెండు మూడు చారలుగా జారి తొట్టిలో పడుచుండగా, తక్కిన భాగమంతయు పొడిగనే మిగిలి వేడిగాలికి దారియిచ్చుచుండెను.

ఆ సాయంత్రమే దానిని పారవేసి కొత్తగడ్డి వేయించితిని. డికాక్షను రంగున దిగిన మొదటి తొట్టినీటిని పారబోసి, రెండవమారు నింపి మీట నొక్కునప్పటికి, మనుమరాలు చాప తెచ్చి కూలరు కెదురుగా పరచుకొన్నది.