పదివేల పేర్లు, ఎనుబది లక్షల డౌన్‌లోడ్లు

2004 డిసెంబరు 16వ తేదీ గురువారము నాడు న్యూయార్క్ టైమ్స్ పత్రిక తెరచిన వారికి రెండు పూర్తి పుటల ప్రకటన ఒకటి కనిపించినది. అందులో విశేషము మనుష్యుల పేర్లు. భూతద్దము లేనిదే చదువుట కష్టమైనంత చిన్న అక్షరములలో సుమారు పదివేల పేర్లు అచ్చయినవి. ఇంతకు అమ్మజూపిన వస్తువేమని చూస్తే, దానికి ధరయే లేదు. అది ఫైర్‌ఫాక్స్ అను బ్రౌజర్. ప్రకటనకు డబ్బిచ్చినవారు దానిని వాడుచున్న సామాన్యులే.

సాఫ్ట్‌వేర్ చరిత్రలో ఈ ప్రకటనను గొప్ప విజయముగ చెప్పుకొనుట పరిపాటి. విజయమే, సందేహము లేదు. కాని అందులో ఏది మంచిది, ఏది లోపము అన్న పరిశీలన అరుదు. దాని వెనుక వచ్చిన ఇతర ప్రచారములతో పోల్చి చూచినప్పుడే ఆ సంగతి తేలుతుంది.

నెట్‌స్కేప్ కంపెనీ 1998 మార్చి 31న తన బ్రౌజర్ యొక్క మూలసంకేతమును, అనగా ప్రోగ్రాము రచయితలు చేతితో వ్రాసిన అసలు రూపమును, లోకమునకు విడిచిపెట్టినది. దానిని ఎవరైనను చదువవచ్చును, దిద్దవచ్చును, పంచవచ్చును. ఓపెన్ సోర్స్ అను మాటకు అర్థమిదే. ఈ పనిని నడుపుటకు 2003 జూలైలో మొజిల్లా ఫౌండేషన్ అను లాభాపేక్ష లేని సంస్థ ఏర్పడినది. 2004 నవంబరు 9న ఫైర్‌ఫాక్స్ 1.0 విడుదలైనది. (పేరు కుదురుటకే రెండు మార్పులు కావలసివచ్చినవి. మొదటి పేరు ఫీనిక్స్, రెండవది ఫైర్‌బర్డ్. రెండవ పేరు మీద అదే పేరుగల డేటాబేస్ ప్రోగ్రాము వారు అభ్యంతరము చెప్పినారు. మూడవ పేరు హిమాలయ ప్రాంతపు ఎఱ్ఱ పాండాకు ఇంగ్లీషులో ఉన్న మారుపేరు. చిహ్నములో మాత్రము నక్క బొమ్మయే ఉన్నది.)

అప్పటికి ఇంటర్నెట్ వాడువారిలో పదింట తొమ్మిది వంతులకు పైగా మైక్రోసాఫ్ట్ వారి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌నే వాడుచుండిరి. అది విండోస్‌తో పాటే కంప్యూటరులోనికి వచ్చెడిది. వెదకి తెచ్చుకొనవలసిన పని లేదు. దాని ఆరవ కూర్పు 2001లో వచ్చినది. ఏడవది 2006 అక్టోబరు వరకు రాలేదు. ఈ మధ్యకాలములో దాని భద్రతా లోపములు పెద్ద తలనొప్పియైనవి. 2004 జూన్‌లో అమెరికా ప్రభుత్వపు కంప్యూటరు భద్రతా బృందమే, వేరొక బ్రౌజర్ వాడుట కూడ ఒక ఉపాయమని సూచించినది. కావున చెప్పుటకు విషయము ఉన్నది. చెప్పువారే లేరు. మొజిల్లా చిన్న సంస్థ. పెద్ద కంపెనీల వలె ప్రకటనలకు ధనము గుమ్మరించు శక్తి దానికి లేదు.

ఆ లోటును స్వచ్ఛంద కార్యకర్తలు పూరించినారు. 2004 సెప్టెంబరులో ‘స్ప్రెడ్ ఫైర్‌ఫాక్స్’ అను పేరుతో ఉద్యమము మొదలైనది. అక్టోబరులో, పత్రికలో ఒక పూర్తి పుట ప్రకటన వేయింతమని చందాలు అడిగినారు. పది దినములలో సుమారు పదివేలమంది రెండు లక్షల యాబదివేల డాలర్లు ఇచ్చినారు. మనిషికి సగటున 25 డాలర్లు. ఒక పుట రెండు పుటలైనది. విడుదలతో పాటు రావలసిన ప్రకటన ఐదు వారములు ఆలస్యముగ వచ్చినది; అన్ని పేర్లు కూర్చుట ఎంత పనియో ఊహించుకొనవచ్చును.

మీ బ్రౌజర్‌తో విసిగిపోయినారా అని ఆ ప్రకటన పాఠకుని ప్రశ్నించినది. ఆ ప్రశ్న ఏ సబ్బు కంపెనీ అయినను అడుగదగినదే. అందులో కొత్తదనము లేదు. కొత్తదనము పేర్లలో ఉన్నది. ప్రకటన అనగా అమ్మువాడు తన సరుకును తానే పొగడుకొనుట. ఇక్కడ వాడినవారు తమ జేబులో డబ్బు వెచ్చించి, పేరు పెట్టి సాక్ష్యము పలికినారు. అంతేకాక, ఆ ప్రోగ్రాము తయారైన పద్ధతియు ఇదియే: ఎక్కడెక్కడివారో కొంచెము కొంచెముగ చేసిన పని ఒక్కచోట చేరుట. పాఠకుడు మూలసంకేతమును ఎన్నడును చూడకపోయినను, అది ఎట్టి వస్తువో పేర్ల గుంపును చూచి కొంత గ్రహించగలడు. ప్రచారము వస్తువు యొక్క స్వభావమును పోలియున్నది. ఈ గుణము డబ్బుతో కొనుటకు దొరకదు.

ఐనను ఇందులో ఒక లోపమున్నది. ఆ పేర్లు చందా ఇచ్చినవారివి. ప్రోగ్రాము తయారుచేసినవారివి కావు. సంకేతము వ్రాసినవారు, లోపములను పరీక్షించి తెలిపినవారు, పరభాషలలోనికి మార్చినవారు, వీరి పట్టిక వేరుగ ఉన్నది. అది ఫైర్‌ఫాక్స్‌లోనే, కృతజ్ఞతల పుటలో, వెదకినవారికి కనిపిస్తుంది. కొందరి పేర్లు రెండు చోట్లను ఉండవచ్చును. కాని లోకమునకు చాటింపు అయినది మొదటి పట్టిక. శాస్త్రపత్రికలో వ్యాసకర్తల పేర్లకు బదులు చందాదారుల పేర్లు అచ్చువేస్తే ఎట్లుండునో ఉపాధ్యాయులు ఆలోచించవచ్చును.

2006 ఆగస్టులో ఆరెగన్ రాష్ట్రములో కొందరు కళాశాల విద్యార్థులు ఓట్సు పొలములో పైరును తొక్కి 220 అడుగుల వ్యాసముగల ఫైర్‌ఫాక్స్ చిహ్నమును గీసినారు. విమానములో పోవువారికి తప్ప కనబడదు. ఇది సరదా పని. దీనిని తప్పుపట్టనక్కరలేదు, అది ఏమియు నిరూపించబోలేదు.

నిరూపించబోయినది 2008 జూన్ 17వ తేదీ. ఆనాడు ఫైర్‌ఫాక్స్ 3 విడుదలైనది. ఇరువదినాలుగు గంటలలో అత్యధిక డౌన్‌లోడ్లు జరిగిన సాఫ్ట్‌వేర్‌గ గిన్నిస్ పుస్తకములో చేర్చవలెనని కార్యకర్తలు ఊరూర ప్రచారము చేసినారు. మొదటి గంటలలోనే రద్దీకి తట్టుకొనలేక సర్వర్లు కుంటుపడినవి. ఐనను 80,02,530 డౌన్‌లోడ్లు నమోదైనవి. దినమునకు 86,400 సెకండ్లు గనుక, సెకండుకు సుమారు 93.

ఈ సంఖ్య దేనిని కొలుచుచున్నది? విద్యార్థులకు ఇది మంచి ప్రశ్న. డౌన్‌లోడ్ అనగా ఒక ఫైలు సర్వరు నుండి బయలుదేరుట. ఇంటిలోను, కార్యాలయములోను రెండు కంప్యూటర్లున్న మనిషి ఇద్దరుగ లెక్కకు వచ్చును. దించుకొని స్థాపించనివాడు కూడ వచ్చును. స్థాపించి వారమునకు విడిచినవాడును వచ్చును. ఒకడు దించి పదిమందికి పంచితే పదిమంది లెక్కకు రారు. అంతకు మునుపే పాత కూర్పు వాడుచున్నవారు కొత్తదానికి మారుటయు ఇందులో చేరియున్నది; వారు కొత్తగ వచ్చినవారు కారు. పైగా ఒక్క దినములోనే దించుకొనుడని ముందుగ ప్రేరేపించి, ఆ దినమును లెక్కించుట, పరీక్షించు వస్తువును చేతితో నెట్టి దాని వేగము కొలుచుట వంటిది. ఆ దినమున ఉత్సాహమెంత ఉన్నదో తెలిసినది. బ్రౌజర్ మంచిదో కాదో ఆ అంకె చెప్పలేదు.

ఆనాడే ఇంకొక సంగతి జరిగినది, దానికి చాటింపు లేదు. విడుదలైన ఐదు గంటలలోనే ఒక తీవ్రమైన భద్రతా లోపము నివేదించబడినది. దాని స్వభావము చిత్రమైనది. పుట అలంకరణను నడుపు భాగములో, ఒక వస్తువును ఎన్ని చోట్ల వాడుచున్నారో లెక్కించు స్థానము చాలినంత పెద్దదిగ లేదు. లెక్క మితిమీరినపుడు అది పొంగిపోయి, పరుల సంకేతము కంప్యూటరులో నడచుటకు దారి ఏర్పడును. బయట లెక్కింపు ఉత్సవము జరుగుచుండగ లోపల లెక్క తప్పుచున్నది! జూలైలో సవరించిన కూర్పు వచ్చినది. లోపమును కనుగొనుట, నివేదించుట, కొన్ని వారములలో దిద్దుట, ఓపెన్ సోర్స్ పద్ధతి యొక్క బలము ఇక్కడ ఉన్నది. ప్రచారకులు దానిని కప్పిపుచ్చలేదు. కాని చూపదగిన వస్తువుగ భావించను లేదు. ప్రోగ్రాములో లోపము లేదనిపించుట కంటె, లోపము ఎట్లు దిద్దబడినదో చెప్పుట ఎక్కువ నమ్మకము కలిగించును గదా.

ధనము సంగతి కూడ చెప్పవలెను. 2005లో మొజిల్లా ఆదాయము 5 కోట్ల 29 లక్షల డాలర్లు. అందులో అధికభాగము బ్రౌజర్‌లోని శోధన పెట్టె ద్వారా, ముఖ్యముగ గూగుల్ నుండి, వచ్చినది. 2004 అక్టోబరులో ప్రజలు ఇచ్చిన చందాకు ఇది రెండువందల రెట్లకు మించినది. ఇందులో అక్రమము లేదు. సంస్థ లెక్కలను తానే ప్రకటించినది. కాని వాడువారి సంఖ్య పెరిగినకొలది శోధన ఆదాయము పెరుగును గనుక, ఉచితముగ ప్రచారము చేయువాని శ్రమకు ఒక ధర ఏర్పడినదన్న మాట. చందా అడిగిననాటి మాటలలోనే ఈ సంగతియు వివరముగ ఉండవలసినది. తన పని ఎక్కడికి పోవుచున్నదో తెలిసి చేయుట స్వచ్ఛంద కార్యకర్త హక్కు.

ఫైర్‌ఫాక్స్ వాటా 2009 చివర స్టాట్‌కౌంటర్ లెక్కలలో నూటికి ముప్పది దాటినది. 2008 సెప్టెంబరులో వచ్చిన గూగుల్ వారి క్రోమ్ తరువాత దానిని మించినది. ఇప్పుడు ఫైర్‌ఫాక్స్ వాటా నూటికి ఐదు కూడ లేదు. ప్రచారము తగ్గినందువలననే ఇట్లు అయినదనుట తొందరపాటు. ఫోనులతో పాటే బ్రౌజర్ రావడము, ఇంతకు మునుపు విండోస్‌తో జరిగినట్లే, పెద్ద కారణము.

ఫైర్‌ఫాక్స్ తెలుగులోను లభించుచున్నది. మెనూలలోని మాటలను, హెచ్చరికలను తెలుగు చేసినవారు స్వచ్ఛంద కార్యకర్తలే. 2020 నుండి దాదాపు నాలుగు వారములకొక కొత్త కూర్పు వచ్చుచున్నది. ప్రతి కూర్పుతో కొత్త వాక్యములు కొన్ని చేరును, పాతవి కొన్ని మారును. వాటిని ఎవరో ఒకరు కూర్చుండి తెలుగు చేయవలెను. చేయనివి ఇంగ్లీషులోనే తెరపై మిగిలిపోవును. ఈ పనికి మనుష్యులు కావలెనని ఏ పత్రికలోను రెండు పుటల ప్రకటన రాలేదు.