తృప్తి వేరు, విలువ వేరు: కథానిలయం నేపథ్యంలో అంతర్జాల భాండాగారాల విజయ కొలమానం

ప్రవేశిక

ఒక సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు విజయవంతమైందా లేదా అన్న ప్రశ్న ఇంజనీర్లకు సంబంధించినదని తెలుగు పరిశోధకులు భావించడం సహజం. అయితే మన పరిశోధనకు ఆధారమైన పాత పత్రికలు, కథలు అంతర్జాలంలోకి చేరిన తరువాత ఆ ప్రశ్న మనది కూడా అయింది. శ్రీకాకుళంలోని కథానిలయాన్ని ఉదాహరణగా తీసుకొని, ఇటువంటి భాండాగారాల విజయాన్ని ఏ ప్రమాణంతో నిర్ణయించాలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. కొలమానాల పరిణామం

గడువు, వ్యయం, పని పరిధి అనే మూడు ప్రమాణాలతో ప్రాజెక్టులను అంచనా వేయడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. ఈ మూడూ నెరవేరినా ఎవరూ వాడని సాఫ్ట్‌వేర్‌ను విజయమనగలమా? ఈ సందేహానికి సమాధానం వెతకడంలో మూడు ప్రతిపాదనలు తోడ్పడతాయి. సంస్థ లక్ష్యసాధనను ప్రభావితం చేసేవారు, దానివల్ల ప్రభావితులయ్యేవారు అందరూ భాగస్వాములేనని 1984లో ఫ్రీమన్ ప్రతిపాదించారు. తాను పొందినదానిని, అందుకు వెచ్చించినదానిని బేరీజు వేసుకొని వినియోగదారుడు ఏర్పరచుకొనే అంచనాయే విలువ అని 1988లో జైథామల్ నిర్వచించారు. డిలోన్, మెక్లీన్‌లు 1992లో రూపొందించిన సమాచార వ్యవస్థల విజయ నమూనాలో వాడుకరి తృప్తికి స్థానం కల్పించారు. 2003లో దానిని సవరించి సేవా నాణ్యతను, నికర ప్రయోజనాలను కూడా చేర్చారు.

2. కథానిలయ భాగస్వాములు

కాళీపట్నం రామారావు 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయాన్ని ప్రారంభించారు. తెలుగు కథలన్నింటినీ ఒకచోట చేర్చాలన్నది ఆయన సంకల్పం. అనంతర కాలంలో కథ, రచయిత, పత్రిక, ప్రచురణ తేదీ వంటి వివరాలు, అనేక కథల పుటల ప్రతిబింబాలు అంతర్జాలంలో అందుబాటులోకి వచ్చాయి.

దీని భాగస్వాములు ఎవరు? పరిశోధకులు, అధ్యాపకులు, పాఠకులు, జీవించి ఉన్న రచయితలు, గతించిన రచయితల వారసులు, పత్రికలను భద్రపరచి అందించినవారు. వీరి అపేక్షలు ఒకటి కావు. పాఠకునికి కథ చదవడానికి వీలుగా ఉంటే చాలు. పరిశోధకునికి అది ఏ పత్రికలో, ఏ సంచికలో మొదట అచ్చయిందో కావాలి. వారసులకు తమవారి పేరు, కథల జాబితా సరిగా ఉండటం ముఖ్యం. వీరందరి తృప్తిని కలిపి ఒకే సగటుగా చెబితే ఈ భేదం మరుగున పడుతుంది.

3. తృప్తి పరిమితి

తృప్తి అపేక్షను బట్టి ఉంటుంది. అపేక్ష తక్కువైతే తృప్తి సులభంగా కలుగుతుంది. ఒక విద్యార్థి చాసో కథల కోసం వెతికి, దొరికిన నాలుగైదింటితో సంతృప్తి చెందాడనుకొందాం. చాగంటి సోమయాజులు అనే పేరుతోనూ వెతకాలని అతనికి తోచకపోతే, వ్యవస్థ కూడా ఆ రెండు పేర్లను కలిపి చూపకపోతే, తాను ఏమి కోల్పోయాడో అతనికి తెలియదు. అభిప్రాయ సేకరణలో మాత్రం పూర్తి మార్కులు వేస్తాడు. ఇక్కడ తృప్తి విజయానికి సాక్ష్యం కాదు. అన్వేషణ మధ్యలో ఆగిపోయిందనడానికి గుర్తు.

జైథామల్ నిర్వచనాన్ని అన్వయించినా ఇటువంటి చిక్కే ఎదురవుతుంది. ఒక్క కథ కోసం ఊరూరా గ్రంథాలయాలు తిరిగిన పరిశోధకునికి, తెరపై ఆ పుట కనిపించగానే ఎంత శ్రమ తప్పిందో తెలుస్తుంది. ఆ శ్రమ ఎరుగని నేటి విద్యార్థికి అదే పుట సాధారణంగా తోస్తుంది. సేవ ఒకటే అయినా వారు గుర్తించే విలువ వేరు.

4. రాబోయే భాగస్వామి

విజయనగరంలో జీవించిన గురజాడ అప్పారావు రాసిన 'దిద్దుబాటు' 1910లో వెలువడింది. దానినే తొలి తెలుగు కథగా చాలాకాలం పరిగణించారు. భండారు అచ్చమాంబ రాసిన 'ధనత్రయోదశి' 1902లోనే వెలువడిందన్న ఆధారం ఆ నిర్ణయాన్ని పునఃపరిశీలనకు తెచ్చింది. 1902 నాటి పత్రికను దాచినవారికి భవిష్యత్తులో ఈ ప్రశ్న తలెత్తుతుందని తెలిసే అవకాశం లేదు. ఆనాడు వారి తృప్తిని కొలిచినా ఈ ప్రయోజనం లెక్కకు అందేది కాదు.

వర్తమాన భాగస్వాముల అభిప్రాయంపైనే ఆధారపడే నమూనాలలోని లోపం ఇదే. వ్యాపార సాఫ్ట్‌వేర్‌కు నేటి వినియోగదారుడు ప్రధానం కావచ్చు. భాండాగారానికి మాత్రం ఇంకా ప్రశ్న వేయని పరిశోధకుడు కూడా భాగస్వామియే. అతనిని అడిగి అభిప్రాయం తెలుసుకోలేము.

ముగింపు

అంతమాత్రాన తృప్తిని కొలవడం వ్యర్థమని కాదు. వెతికేవారికి దారి దొరకకపోతే భద్రపరచిన సామగ్రి ఎవరికీ అక్కరకు రాదు. అందువల్ల తృప్తిని భాగస్వాముల వర్గాలవారీగా వేరువేరుగా కొలవాలి. దానితోపాటు ప్రచురణ వివరాల కచ్చితత్వం, కలంపేర్ల అనుసంధానం, పుటల ప్రతిబింబాలను వెతకడానికి వీలైన పాఠంగా మార్చడం, దోషాలను సవరించే ఏర్పాటు అనే నాలుగింటిని విడిగా పరిశీలించాలి. ఇవి ఎవరి అభిప్రాయంపైనా ఆధారపడనివి. రేపటి పరిశోధకుని పక్షాన నేడు మనం వేయగల ప్రశ్నలు. ఎన్ని పుటలు స్కాన్ చేశారు, ఎందరు చూశారు అన్న లెక్కలతో భాండాగారాలను మెచ్చుకొని ఊరుకోకుండా, ఈ ప్రశ్నలతో వాటిని సమీక్షించే బాధ్యతను తెలుగు శాఖలు స్వీకరించాలి. వాటి నుండి నిరంతరం ఆకరాలు తీసుకొంటున్న మనం వాటికి తిరిగి ఇవ్వగలిగినది ఈ విమర్శే.