పాత చిరునామా చెడకుండా

సర్వర్లో డిస్కు నిండితే ఒకప్పుడు ఒక రాత్రి నిద్ర చెడినట్టే. వాడుకునేవాళ్లందరినీ బయటికి పంపి, ఫైల్ సిస్టమ్‌ను అన్‌మౌంట్ చేసి, ఉన్నదంతా టేపు మీదికి డంప్ చేసి, పెద్ద డిస్కు తగిలించి, దాని మీద కొత్త ఫైల్ సిస్టమ్ కట్టి, టేపులోంచి మళ్లీ అంతా దింపుకోవాలి. దింపేటప్పుడు టేపు మొరాయించిందా, తెల్లవారాక ఎవరికి ఏం చెప్పాలో వెతుక్కోవడమే. ఇవాళ లైనక్స్ సర్వర్లో ఆ పని రెండు కమాండ్లతో తేలిపోతుంది. డేటాబేస్ నడుస్తూనే ఉంటుంది. తెరిచిన ఫైళ్లు తెరిచినట్టే ఉంటాయి. చివర్లో రీసైజ్‌2ఎఫ్‌ఎస్ ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటుంది: ఫైల్ సిస్టమ్ పొడవు ఇప్పుడు 26214400 బ్లాకులు. నాలుగేసి కిలోబైట్ల బ్లాకులు గనక 100 జీబీ.

ఇంత త్వరగా ఎలా అయిందంటే, పాతది ఏదీ కదల్లేదు కాబట్టి. ఈ పని చేసిపెట్టిన ప్రోగ్రామర్ల నేర్పు కొత్త చోటు కలపడంలో కన్నా పాత చిరునామాలను ముట్టుకోకపోవడంలో కనిపిస్తుంది. ఫలానా ఫైలు ఫలానా బ్లాకులో ఉందని డిస్కు మీద లక్షల చోట్ల రాసి ఉంటుంది. నెట్‌వర్క్ మీద ఎన్‌ఎఫ్‌ఎస్ ద్వారా వాడుతున్న యంత్రాల దగ్గరా ఐనోడ్ నంబర్లు, అంటే ఒక్కో ఫైలు వివరాలుండే రికార్డుల నంబర్లు, ఉంటాయి. వాటిని మనం వెళ్లి దిద్దలేం. వీటిలో ఒక్కటి తప్పినా ఎవరి ఫైలో ఇంకెవరికో తెరుచుకుంటుంది.

యూనిక్స్ తొలినాళ్ల ఫైల్ సిస్టమ్‌కు ఈ సౌలభ్యం లేదు. ముందు ఫైల్ సిస్టమ్ మొత్తం కొలతలుండే సూపర్‌బ్లాకు, దాని వెనక ఐనోడ్లన్నీ ఒకే వరసలో, ఆ తర్వాత డేటా. తోక పొడిగిస్తే డేటాకు చోటు దొరుకుతుందేమో గానీ, తలలో ఉన్న ఐనోడ్ల వరస పెరగదు. 1983లో 4.2బీఎస్‌డీతో వచ్చిన ఫాస్ట్ ఫైల్ సిస్టమ్ ఈ అమరికను మార్చింది. బర్క్‌లీలో మెక్‌కూసిక్, జాయ్, లెఫ్లర్, ఫాబ్రీ కలిసి చేసిన పని అది. డిస్కును సిలిండర్ గ్రూపులుగా కోసి, ప్రతి గ్రూపుకూ సొంత ఐనోడ్లు, సొంత ఖాళీ లెక్క ఇచ్చారు. వాళ్లు కోరింది వేగం. పాత పద్ధతి డిస్కు సత్తాలో 2 నుంచి 4 శాతమే వాడుకోగలిగితే, కొత్తది 47 శాతం దాకా వెళ్లిందని 1984 నాటి వాళ్ల పత్రంలో ఉంది. డిస్కు తల అటూ ఇటూ పరుగెత్తకుండా ఉండాలని చేసిన ఆ ముక్కలే తర్వాతి వాళ్లకు ఇంకో దారి చూపాయి. ఎవరి సంసారం వారిదే అయిన గ్రూపులు గనక, చివర ఇంకొకటి చేర్చినా ముందున్నవాటికి పట్టదు.

లైనక్స్‌లోని ఎక్స్‌ట్ కుటుంబం ఆ గ్రూపుల పద్ధతినే తీసుకుంది. గ్రూపులో ఏ బ్లాకు ఖాళీయో చూపే బిట్‌మ్యాప్ ఒక బ్లాకులో పట్టాలి; నాలుగు కిలోబైట్ల బ్లాకులో పట్టే బిట్ల లెక్క 32768. బిట్టుకో బ్లాకు చొప్పున ఒక్కో గ్రూపు 128 ఎంబీ అవుతుంది. ఎక్స్‌ట్3లో ప్రతి గ్రూపు గురించీ 32 బైట్ల వివరం ఒక పట్టికలో ఉంటుంది. ఆ పట్టిక సూపర్‌బ్లాకు వెనకే అతుక్కుని ఉంటుంది, దాని వెనకే బిట్‌మ్యాప్‌లు, ఐనోడ్లు, డేటా. చిక్కంతా ఇక్కడే. ఒక బ్లాకులో 128 వివరాలు పడతాయి, అంటే 16 జీబీకి సరిపోతాయి. ఆ పైన ప్రతి 16 జీబీకీ పట్టిక ఒక బ్లాకు పెరగాలి, కానీ పక్క చోటు అప్పటికే నిండిపోయింది. పక్కవాళ్లను లేపి జరపాలంటే చిరునామాలు చెడతాయి.

దీనికి విరుగుడుగా ఫైల్ సిస్టమ్ కట్టే రోజునే పట్టిక పక్కన కొన్ని బ్లాకులు వదిలిపెడతారు. మన ఊళ్లలో ఇల్లు కట్టేటప్పుడు పై అంతస్తు కోసం స్లాబు మీద పిల్లర్ చువ్వలు వదిలేసినట్టే. తొలి పరిమాణానికి సుమారు వెయ్యి రెట్ల దాకా పెరిగేందుకు ఏర్పాటు అప్పుడే జరిగిపోతుంది. ఆండ్రియాస్ డిల్గర్ పేరు ఈ పనితో ముడిపడి ఉంది.

చోటు వదలడం ఎవరికైనా తడుతుంది. వదిలిన తీరు మాత్రం ఆగి చూడదగ్గది. ఆ ఖాళీ బ్లాకులను ఎవరూ వాడుకోకుండా ఎలా కాపాడాలి? కొత్త గుర్తేదో కనిపెడితే ఆ గుర్తు తెలియని పాత కెర్నెల్ వాటిలో డేటా రాసేస్తుంది. అందుకని వాటిని ఒక ఫైలుకు రాసిచ్చేశారు. ఏడో నంబరు ఐనోడు, ఏ డైరెక్టరీలోనూ పేరు లేని ఫైలు. పాత కెర్నెల్‌కు అవి ఎవరివో బ్లాకులు, ముట్టుకోదు. తప్పులు వెతికే ఎఫ్‌ఎస్‌సీకే లెక్క చూసుకున్నా తేడా రాదు. పైగా ఆ ఖాళీ బ్లాకులు ఊరికే ఖాళీగా కూర్చోవు. పట్టికకు నకళ్లు వేరే గ్రూపుల్లోనూ ఉంటాయి గనక, తన నకలు ఎక్కడెక్కడ ఉండబోతోందో ఆ చిరునామాలను ప్రతి ఖాళీ బ్లాకూ తనలో రాసుకుని ఉంటుంది. అసలు పని పడిన రోజున ఆ చిరునామాల ప్రకారం నకళ్లకు కూడా చోటు చూసుకుని, తాను పట్టికలో చేరిపోతుంది. ఇంకో అందం కూడా ఉంది. ఇలా ఒక ఫైలుకు రాసివ్వగలిగే బ్లాకులు 1024. ఒక్కోదానికి 16 జీబీ చొప్పున మొత్తం 16 టీబీ. 32 బిట్ల బ్లాకు నంబర్లతో ఎక్స్‌ట్3 చేరగలిగే హద్దు కూడా సరిగ్గా అంతే.

అయితే ఫైల్ సిస్టమ్ పెరగాలంటే దాని కింద నేల ఉండాలి. ఆ నేల పరిచేది లాజికల్ వాల్యూమ్ మేనేజర్. 1990లో ఐబీఎం ఆర్‌ఎస్/6000 యంత్రాలతో వచ్చిన ఏఐఎక్స్ 3లో ఇది ఫైల్ సిస్టమ్‌తో ఎంత కలిసిపోయిందంటే, సీహెచ్‌ఎఫ్‌ఎస్ అనే ఒక్క కమాండుకు ఇంత కావాలని చెబితే కింద వాల్యూమునూ పైన ఫైల్ సిస్టమ్‌నూ రెంటినీ అదే పెంచేది. లైనక్స్‌కు హైంజ్ మౌల్స్‌హాగెన్ ఎల్‌వీఎం రాశాడు. డిస్కులను మామూలుగా 4 ఎంబీ ముక్కలుగా కోసి, ఏ ముక్క తర్వాత ఏ ముక్కో పట్టికలో రాసుకుంటుంది. ముక్కలు మూడు డిస్కుల్లో చెల్లాచెదురుగా ఉన్నా పైనున్న ఫైల్ సిస్టమ్‌కు సున్నా నుంచి మొదలై తెగకుండా సాగే ఒకే వరస కనిపిస్తుంది. పెంచడమంటే ఆ వరస చివర ఇంకొన్ని ముక్కలు చేర్చడమే. కొత్త పట్టిక పక్కన సిద్ధం చేసి పెట్టుకుని, రాకపోకలను లిప్తపాటు ఆపి, పాతదాన్ని తీసి కొత్తది పెట్టి మళ్లీ వదులుతుంది. వాడేవాళ్లకు ఒక రాత కాస్త ఆలస్యమైనట్టు కూడా తెలియదు.

ఎల్‌వీఎంలో నాకు ముచ్చటేసేది దాని చిట్టా. డిస్కు మొదట్లో అది రాసుకునే వివరాలన్నీ మామూలు అక్షరాల్లోనే ఉంటాయి, కంటితో చదువుకోవచ్చు. కొత్త వివరం రాసేటప్పుడు పాతదాన్ని చెరపదు; దాని తర్వాతి చోట రాసి, రాయడం పూర్తయ్యాకే ఇక ఇది చూడండని గుర్తు మారుస్తుంది. ఇదికాక, ప్రతి మార్పుకు ముందూ ఒక ప్రతిని ఈటీసీ కింద ఆర్కైవ్‌లో దాస్తుంది, ఫలానా కమాండు నడిపే ముందు తీసినదని పైన రాసి మరీ. పొరపాటున వేరే వాల్యూమును తెగ్గోసిన అడ్మిన్‌లను ఆ ఒక్క వాక్యం ఎందరినో గట్టెక్కించింది. అమీర్‌పేటలో లైనక్స్ కోర్సు చేసినవాళ్లకు పీవీక్రియేట్, వీజీఎక్స్‌టెండ్, ఎల్‌వీఎక్స్‌టెండ్, రీసైజ్‌2ఎఫ్‌ఎస్ అన్న వరస ఎక్కంలా నోటికొస్తుంది. పెంచేటప్పుడు కింది నుంచి పైకి, తగ్గించేటప్పుడు పై నుంచి కిందికి. ఆర్కైవ్ సంగతి మాత్రం చాలామందికి మొదటి ప్రమాదం జరిగాకే తెలుస్తుంది.

ఇక ఎక్స్‌ఎఫ్‌ఎస్. కాలిఫోర్నియాలోని సిలికాన్ గ్రాఫిక్స్‌లో 1993లో మొదలై, మరుసటి ఏడు ఐరిక్స్ 5.3తో బయటికి వచ్చింది. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 2014లో తన ఏడో వెర్షన్‌తో దీన్నే మామూలు ఫైల్ సిస్టమ్‌గా చేసుకుంది. ఎక్స్‌ట్‌లా ఇది పట్టికకు చోటు వదలదు, వదలాల్సిన అవసరమే పెట్టుకోలేదు. గ్రూపులన్నిటికీ కలిపి ఒక చోట పట్టికంటూ లేదు. ప్రతి అలొకేషన్ గ్రూపూ తన వివరాలు తన తల మీదే మోసుకుంటుంది. ఐనోడ్ నంబరులోనే ఏ గ్రూపు, ఆ గ్రూపులో ఏ బ్లాకు అన్నది ఇమిడి ఉంటుంది. నంబరు చూస్తే చాలు, ఇంకెక్కడా వెతక్కుండా నేరుగా అక్కడికే వెళ్లొచ్చు.

ఎక్స్‌ఎఫ్‌ఎస్‌_గ్రోఎఫ్‌ఎస్ అన్నప్పుడు కెర్నెల్ లోపల జరిగే పనిని వరసగా చదివితే, రాసినవాడి జాగ్రత్త అడుగడుగునా తెలుస్తుంది. మొట్టమొదట, పెరిగాక చివరిది కాబోయే సెక్టారును చదివి చూస్తుంది. డిస్కు పెరిగిందని మనం అన్నంత మాత్రాన నమ్మదు. చివరి అంచు దాకా వెళ్లి తట్టి చూస్తుంది. అది చదవలేకపోతే అక్కడితో సరి, ఒక్క బైటు కూడా మార్చదు. తర్వాత చివర మిగిలే ముక్క 64 బ్లాకుల కన్నా తక్కువైతే ఆ ముక్కను వదిలేస్తుంది.  అప్పుడు కొత్త గ్రూపులకు తలలు రాస్తుంది: సూపర్‌బ్లాకు నకలు, ఖాళీ చోటు లెక్క, ఐనోడ్ల లెక్క, ఆ లెక్కలు ఉండే చెట్టులాంటి పట్టికల వేళ్లు. ఇవి మార్పులను ముందుగా రాసిపెట్టుకునే జర్నల్లోకి వెళ్లవు, సరాసరి డిస్కు మీదికి వెళతాయి. జర్నల్ లేకుండా రాయడం మామూలుగా ప్రమాదం. ఇక్కడ కాదు, ఎందుకంటే ఆ గ్రూపులు ఉన్నట్టు ఫైల్ సిస్టమ్‌లో ఇంకా ఎవరికీ తెలియదు. ఈ రాతలన్నీ డిస్కుకు చేరాయని తేలాకే, గ్రూపులు ఇన్ని, బ్లాకులు ఇన్ని, ఖాళీ ఇంత అని సూపర్‌బ్లాకులోని అంకెలను ఒకే ట్రాన్సాక్షన్‌లో మారుస్తుంది. పాత చివరి గ్రూపు కురచగా ఉండి ఉంటే దాన్ని నిండు చేయడమూ అందులోనే.

ఆ ట్రాన్సాక్షన్‌కు ముందు ఏ క్షణాన కరెంటు పోయినా, లేచాక ఫైల్ సిస్టమ్ పాత పరిమాణంలోనే ఉంటుంది. హద్దుకు అవతల రాసిన తలలు ఎవరికీ పట్టని చెత్త. మళ్లీ కమాండిస్తే వాటి మీదే మళ్లీ రాస్తుంది. ట్రాన్సాక్షన్ తర్వాత పోతే కొత్త పరిమాణంతో లేస్తుంది. మధ్యలో సగం పెరిగిన స్థితి అనేదే లేదు. సూపర్‌బ్లాకు నకళ్లను దిద్దడం అన్నిటికన్నా చివర. నకలు పాతదైనా ఫైల్ సిస్టమ్ నడుస్తుంది, అసలుదే ముందు కుదరాలి.

ఈ మెచ్చుకోలుకు ఒక మినహాయింపు ఉంది. గ్రూపు పరిమాణం పుట్టినప్పుడు నిర్ణయమైందే, మళ్లీ మారదు. మారిస్తే ఐనోడ్ నంబర్లన్నీ తప్పిపోతాయి. ఈ కారణంగానే ఎక్స్‌ఎఫ్‌ఎస్‌ను చెప్పుకోదగినంతగా తగ్గించడమూ కుదరదు. క్లౌడ్ ఇమేజీలతో ఇది ఇబ్బందిగా మారింది. 2 జీబీ ఇమేజీలో గ్రూపులు నాలుగు, ఒక్కోటీ అర జీబీ. ఎవరో దాన్ని 1 టీబీ డిస్కు మీదికి ఎక్కించి పెంచితే గ్రూపులు 2048 అవుతాయి. నేరుగా 1 టీబీ మీద కట్టి ఉంటే నాలుగే ఉండేవి. జర్నల్ కూడా ఆ 2 జీబీ నాటి చిన్న కొలతలోనే ఉండిపోతుంది. తప్పేమీ జరగదు, డేటా పోదు. కానీ ఖాళీ చోటు వేలాది చిన్న ముక్కలుగా పంచి ఉండటంతో పెద్ద ఫైళ్లు రాసేటప్పుడు పని నెమ్మదిస్తుంది. పదింతల దాకా పెంచుకోవడం వేరు, అయిదు వందల రెట్లు సాగదీయడం వేరు. అంత అవసరముంటుందని ముందే తెలిస్తే ఆ డేటాకు వేరే డిస్కు తీసుకుని, దాని అసలు కొలతకు కొత్తగా కట్టుకోవడమే మేలు.

సన్ మైక్రోసిస్టమ్స్‌లో జెఫ్ బాన్‌విక్, మాథ్యూ ఆరెన్స్ 2001లో మొదలుపెట్టిన జెడ్‌ఎఫ్‌ఎస్ ఈ గొడవను ఇంకో వైపు నుంచి తీర్చింది. అందులో ఫైల్ సిస్టమ్‌కు సొంత పరిమాణమే లేదు. డిస్కులన్నీ ఒక పూల్‌లో ఉంటాయి, ఫైల్ సిస్టమ్‌లు అవసరానికి అందులోంచి తోడుకుంటాయి. పూల్‌కు డిస్కుల జట్టును చేరిస్తే అన్నిటికీ చోటు పెరిగినట్టే. కానీ చాలా ఏళ్లు ఒక లోటు ఉండేది: ఒక డిస్కు పోయినా డేటా తిరిగి రాబట్టే ప్యారిటీతో కట్టిన రైడ్‌జెడ్ జట్టుకు ఇంకొక్క డిస్కు చేర్చడం కుదిరేది కాదు. చేరిస్తే ఇంకో జట్టంతా చేర్చాలి. ఇంట్లో నాలుగు డిస్కుల పెట్టె పెట్టుకున్నవాళ్లకు అది మింగుడుపడని ఖర్చు.

2025 జనవరిలో విడుదలైన ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్ 2.3తో ఆ లోటు తీరింది. ఇదీ ఆరెన్స్ మొదలుపెట్టిన పనే. ఇక్కడ మాత్రం పాతది కదలక తప్పదు. నాలుగు డిస్కుల మీద వరసగా పరిచిన సెక్టార్లను మొదటి నుంచి చివరి దాకా అయిదు డిస్కుల మీద మళ్లీ పరచాలి. అయినా ఒక్క బ్లాకు పాయింటరు కూడా మారదు. పాయింటర్లలో ఉన్నది వరసలో ఎన్నో సెక్టారు అన్న అంకె మాత్రమే. ఆ అంకె ఏ డిస్కు మీద ఏ చోటికి వస్తుందన్నది చదివేటప్పుడు లెక్క కట్టుకుంటారు. కొత్తగా పరిచిన హద్దుకు ఇవతలివి అయిదుతో భాగించి, అవతలివి నాలుగుతో భాగించి.

ఈ పనిలో అన్నిటికన్నా గడ్డు భాగం మొదట్లోనే వస్తుంది. ముందుకు పోయేకొద్దీ చదివే చోటుకూ రాసే చోటుకూ మధ్య దూరం పెరుగుతుంది, ఇంకా కావలసినదాని మీద రాసే భయం ఉండదు. మొదటి సెక్టార్ల దగ్గర ఆ ఎడం దాదాపు లేదు. రాస్తుండగా యంత్రం ఆగితే పాతదీ చెడి కొత్తదీ పూర్తికాక మిగులుతుంది. అందుకు ప్రతి డిస్కు ముందు భాగంలో బూట్ కోసం ఎప్పుడో వదిలిపెట్టిన 3.5 ఎంబీ చోటును వాడుకున్నారు. మొదటి కాస్తంతను ముందు అక్కడికి నకలు తీసి, అది భద్రమయ్యాకే అసలు చోట పరుస్తారు. అది దాటాక ఆ చోటు అవసరం పడదు. పరచడం గంటలో రోజులో పట్టినా పూల్ వాడుకలోనే ఉంటుంది, మధ్యలో యంత్రం ఆగితే ఆగిన చోటి నుంచే మళ్లీ సాగుతుంది. పాత ఫైళ్లు మాత్రం నాలుగు డిస్కుల నాటి ప్యారిటీ నిష్పత్తితోనే ఉండిపోతాయి. వాటిని మళ్లీ రాసినప్పుడే అయిదో డిస్కు వల్ల కలిసొచ్చే చోటు పూర్తిగా చేతికొస్తుంది.